చేతికి పెట్టుకున్న వాచీ... ఉంచుకోవాలా, తిరిగిచ్చేయాలా?

మొదటి జీతం పడింది. లేదంటే ఆఫర్‌ లెటర్‌ మెయిల్లోకి వచ్చి రెండు రోజులైంది. ఇంకేం, ఎప్పట్నుంచో ఫోన్లో చూస్తూ ఉన్న స్విస్‌ కంపెనీ వాచీ అరవై వేలకో డెబ్బై వేలకో ఇంటికి వచ్చేసింది. డయల్‌ మీద ప్లాస్టిక్‌ పొర ఇంకా అలాగే ఉంది. పెట్టె, బిల్లు, వారంటీ కార్డు బల్ల మీదే ఉన్నాయి. అద్దం ముందు చూసుకుంటే బాగానే ఉంది. ఫ్రెండ్స్‌ గ్రూపులో ఫొటో పెడితే ‘మామా, కేక’ అన్నారు. రాత్రి పడుకున్నాక మాత్రం బుర్రలో లెక్కలు మొదలయ్యాయి. ఉంచుకుందామా, తిరిగిచ్చేద్దామా?

మొదటి జీతమంటే అమ్మకు చీర, నాన్నకు చొక్కా, గుళ్లో కొబ్బరికాయ అనుకునే ఇళ్లే మనవి. ఆ తర్వాత తనకంటూ ఏదో ఒకటి కొనుక్కోవాలనిపించడం తప్పేమీ కాదు. కొన్నాక నిద్ర పట్టకపోవడం కూడా వింతేమీ కాదు. అయితే ఈ ఆలోచనకు ఒక గడువుంది. షాపువాళ్లు తిరిగి తీసుకునే రోజులు ఏడో పదో ఉంటే, ఆ రోజుల్లోపు మీ వాచీ విలువ మీరు కట్టిన డబ్బంతా. గడువు దాటిన మర్నాడు అదే వాచీ సెకండ్‌హ్యాండ్‌ సరుకు. మధ్యలో మీరు దాన్ని ఒక్కసారి కూడా పెట్టుకోకపోయినా సరే. కాబట్టి ‘చూద్దాంలే’ అని రోజులు గడిపేయడం అంటే ఉంచుకోవాలని నిర్ణయించుకోవడమే. ఆ నిర్ణయం మీరు తీసుకోకుండా క్యాలెండర్‌ తీసుకుంటుంది, అంతే తేడా.

చేతిలో ఉన్నదాని మీద మమకారం

తిరిగివ్వాలంటే మనసు ఎందుకు రాదో కాస్త చూద్దాం. రిచర్డ్‌ థేలర్‌, డేనియల్‌ కానమన్‌ మరో పరిశోధకుడితో కలిసి 1990లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. అమెరికాలోని కార్నెల్‌ యూనివర్సిటీ విద్యార్థుల్లో కొందరికి కాఫీ మగ్గులు ఊరికే ఇచ్చారు. ఎంతకైతే అమ్ముతారని వాళ్లను అడిగారు. మగ్గు అందనివాళ్లను ఎంతకైతే కొంటారని అడిగారు. మగ్గు చేతిలో ఉన్నవాళ్లు ఐదు డాలర్లకు పైనే అడిగారు. లేనివాళ్లు మూడు డాలర్లు కూడా పెట్టలేదు. మగ్గు ఒకటే, విద్యార్థులూ ఒకే క్లాసువాళ్లు. కాసేపు ‘నాది’ అనుకున్నందుకే ధర రెట్టింపు దాటిపోయింది. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్‌ వచ్చింది. మనుషులు డబ్బు విషయంలో ఎలా తడబడతారో చూపించిన ఇలాంటి పనులకే వచ్చింది.

ఉదారంగా ‘ఇంటికి తీసుకెళ్లండి, నచ్చకపోతే ఇచ్చేయండి’ అనే షాపులకు ఈ సంగతి బాగా తెలుసు. ఇంటికెళ్లిన వస్తువుల్లో చాలావరకు తిరిగి రావు.

అందుకే ‘ఈ వాచీ తిరిగిచ్చేయనా?’ అని అడుక్కుంటే సరైన జవాబు దొరకదు. ప్రశ్నను తిప్పి అడగాలి. వాచీ ఇంకా షాపు అద్దాల వెనకాలే ఉంది, ఆ అరవై వేలు మీ అకౌంట్లో ఉన్నాయి, ఫ్రెండ్స్‌ ఎవరూ ఇంకా ఫొటో చూడలేదు. ఇవాళ పనిగట్టుకుని వెళ్లి కొంటారా? ‘ఆ, కొంటా’ అని తడుముకోకుండా వస్తే ఒక దారి. ‘అంటే... ఇప్పుడే కాకపోవచ్చు’ అని నసిగితే ఇంకో దారి. చాలామందికి ఇక్కడే సగం తేలిపోతుంది. అసలు అకౌంట్లో ఆ అరవై వేలు ఎప్పుడూ లేవు, ఈఎంఐలో తెచ్చుకున్నాం అనేవాళ్లకు మిగతా సగం కింద ఉంది.

కాగితం మీద పెడితే

ఒక ఉదాహరణ వేసుకుందాం. కొత్తగా చేరిన కుర్రాడికో అమ్మాయికో పీఎఫ్‌ పోగా చేతికొచ్చేది 27,000 రూపాయలు అనుకోండి. హైదరాబాద్‌లో హాస్టల్‌కి భోజనంతో కలిపి 8,500. మెట్రో, బస్సు, ఫోను, బయట టీలు టిఫిన్లు 4,500. ఇంటికి 6,000. ఇక మిగిలేది 8,000. వాచీ ఈఎంఐ పన్నెండు నెలలకు నెలకు 5,000 చొప్పున అనుకుంటే, చేతిలో ఉండేది 3,000. సంక్రాంతికి ఊరెళ్లే ప్రైవేటు బస్సు టికెట్టు, రూమ్మేట్‌ అక్క పెళ్లి, అర్ధరాత్రి పంటి నొప్పి, చెల్లి పరీక్ష ఫీజు... అన్నీ ఆ మూడు వేల మీదే ఆధారపడతాయి. కుదరని నెలలో క్రెడిట్‌ కార్డు బయటకొస్తుంది. అప్పు చేసి పప్పు కూడు అని పెద్దవాళ్లు అన్నది పప్పు గురించి. ఇక్కడ పప్పు కూడా కాదు, పప్పు తినే టైము చూపించే వస్తువు.

మీ అంకెలు వేరే ఉంటాయి. వాటితో ఇలాగే ఒక కాగితం రాసుకోండి. ఫోన్లో కాకుండా కాగితం మీదే రాయండి. చివర మిగిలే అంకె పక్కన, ఉద్యోగం ఆగిపోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలరో కూడా రాయండి. చాలా కంపెనీల్లో మొదటి మూడు నుంచి ఆరు నెలలు ప్రొబేషన్‌. 2022లో ఆఫర్లు అందుకున్న ఇంజినీరింగ్‌ విద్యార్థులు ఎంతోమంది, చేరే తేదీ ఎప్పుడొస్తుందా అని నెలల తరబడి ఎదురుచూశారు. చేతిలో ఆఫర్‌ లెటర్‌ ఉంది, జీతం లేదు. లెటర్‌ చూసి వాచీ కొన్నవాళ్లకు మాత్రం ఈఎంఐ తేదీ ఠంచనుగా వచ్చేస్తుంది. ఇంకా చేరకుండానే కొన్నవాళ్లు ఎక్కువ ఆలోచించక్కర్లేదని నా అభిప్రాయం. తిరిగిచ్చేయండి. ఆరు నెలల తర్వాత కూడా ఆ మోడల్‌ షాపులోనే ఉంటుంది.

ఎడ్యుకేషన్‌ లోన్‌ ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. సాధారణంగా చదువు పూర్తయ్యాక ఏడాది వరకు వాయిదాలు కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదు అంటే వడ్డీ నడవడం లేదని కాదు. మీరు వాచీకి నెలకు ఐదు వేలు కడుతున్న ఆ ఏడాదంతా అటు లోన్‌ వడ్డీ పోగవుతూనే ఉంటుంది. వాచీ వాయిదాలు అయిపోయే సరికి చదువు వాయిదాలు మొదలవుతాయి.

‘నో కాస్ట్‌ ఈఎంఐ కదండీ, వడ్డీ లేదుగా’ అంటారు. వడ్డీ ఉంటుంది. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీరే కట్టాలి. అరవై వేల వాచీకి ఏడాదికి 15 శాతం వడ్డీ లెక్కన వడ్డీ సుమారు 4,600. దాని మీద జీఎస్టీ 830 దాకా. ప్రాసెసింగ్‌ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. పెద్ద మొత్తమేమీ కాదు, నిజమే. కానీ తిరిగిచ్చేటప్పుడు ప్రాసెసింగ్‌ ఫీజు సాధారణంగా వెనక్కి రాదు. వాచీ తిరిగిచ్చినా ఎంతో కొంత పోతుందని ముందే మనసులో పెట్టుకుంటే తర్వాత చిరాకు ఉండదు.

ఇంటర్వ్యూలో ఎవరు చూస్తారు?

‘మంచి వాచీ ఉంటే ఇంప్రెషన్‌ బాగుంటుంది’ అనేది కొన్నాక మనం మనకు చెప్పుకొనే మాటల్లో మొదటిది. కోడింగ్‌ రౌండులోనో టెక్నికల్‌ రౌండులోనో ఎదురుగా కూర్చున్నవాళ్లు మీ రెజ్యూమె చూస్తారు, మీరు వేసిన ప్రాజెక్టు గురించి అడుగుతారు. మణికట్టు వైపు చూస్తే గీస్తే, మీరు మాటిమాటికీ టైము చూసుకుంటున్నారేమో అని చూస్తారు. గ్రూప్స్‌కో ఇంకే పోటీ పరీక్షకో చదువుతున్నవాళ్ల సంగతి మరీ తమాషా. చాలా పరీక్షలకు హాల్లోకి ఏ వాచీనీ రానివ్వరు, వందదైనా లక్షదైనా గేటు బయటే.

పెద్ద హోటళ్లు, నగల షోరూములు, బ్యాంకుల్లో ధనిక ఖాతాదారుల్ని చూసుకునే ఉద్యోగాలు... ఇలాంటి చోట్ల ఆహార్యానికి విలువ ఉన్న మాట వాస్తవం. అక్కడ కూడా చూసేది శుభ్రంగా, పట్టీ సరిగ్గా సరిపోయి, చొక్కా చేతి కింద ఒదిగి ఉందా అనే. మూడు వేల టైటాన్‌తో ఆ పని జరిగిపోతుంది.

ఇంకో మాట: ‘ఇది ఖర్చు కాదు, పెట్టుబడి’. రీల్స్‌లో ఇది బాగా వినిపిస్తోంది. రోలెక్స్‌, పటెక్‌ ఫిలిప్‌ లాంటి కంపెనీల కొన్ని మోడళ్లకు కొన్న ధర కంటే ఎక్కువ పలికిన మాట నిజమే. అవి షాపుకెళ్లి అడిగితే వెంటనే ఇచ్చేవీ కావు, విద్యార్థుల బడ్జెట్లో ఉండేవీ కావు. వాటికే 2022 మొదట్లో సెకండ్‌హ్యాండ్‌ మార్కెట్లో ధరలు ఆకాశానికెళ్లి, ఆ తర్వాత దిగొచ్చాయి. ఇక యాభై వేల నుంచి లక్ష మధ్య దొరికే వాచీల్లో ఎక్కువ భాగం బయటికి రాగానే విలువ కోల్పోతాయి. వాచీని వాచీగా ఇష్టపడి ఉంచుకోండి, అభ్యంతరం లేదు. పెట్టుబడి అనే సాకుతో మాత్రం వద్దు.

ఇష్టం ఉన్నవాళ్లకు ఈ యంత్రం సంగతి తెలిసి ఉండడం మంచిది. లోపల బ్యాటరీ లేకుండా, స్ప్రింగు బలంతో నడిచే మెకానికల్‌ వాచీ రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ అవుతుంది. స్విట్జర్లాండ్‌లో కచ్చితత్వానికి సర్టిఫికెట్‌ ఇచ్చే కోస్క్‌ సంస్థ పరీక్షలో నెగ్గే యంత్రాలకు కూడా రోజుకు సగటున 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు వెళ్లే వీలుంది. మామూలు క్వార్ట్జ్‌ వాచీ నెలంతా కలిపి పదిహేను సెకన్లు తప్పితే గొప్ప. ఆ క్వార్ట్జ్‌ కూడా ఒకప్పుడు విలాసమే. 1969 డిసెంబర్‌ 25న జపాన్‌లో సీకో కంపెనీ తెచ్చిన మొదటి క్వార్ట్జ్‌ చేతి వాచీ ‘ఆస్ట్రాన్‌’ బంగారు కేసుతో 4,50,000 యెన్లు. అప్పట్లో ఒక చిన్న కారు ధర. ఇప్పుడు అదే పద్ధతిలో నడిచే వాచీ ఆబిడ్స్‌ ఫుట్‌పాత్‌ మీద కొన్ని వందలకు దొరుకుతుంది. టైము కోసమైతే ఇన్ని వేలు అక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా మెకానికల్‌ వాచీని నాలుగైదేళ్లకోసారి విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించాలి. కంపెనీ సర్వీస్‌ సెంటర్లో దానికి వేలల్లోనే అవుతుంది. ఉంచుకోవాలనుకునేవాళ్లు ఆ ఖర్చునూ కాగితం మీద వేసుకోవాలి.

ఉంచుకోవాల్సినవాళ్లూ ఉన్నారు

అందరూ తిరిగిచ్చేయాలని కాదు. ట్యూషన్లు చెప్పో, ఇంటర్న్‌షిప్‌ స్టైపెండ్‌లోంచి దాచుకునో రొక్కం పెట్టి కొన్నవాళ్లు, ఆ తర్వాత కూడా మూడు నాలుగు నెలల ఖర్చులకు అకౌంట్లో డబ్బు ఉన్నవాళ్లు, రెండేళ్లుగా అదే మోడల్‌ కావాలనుకున్నవాళ్లు హాయిగా ప్లాస్టిక్‌ పొర తీసేయండి. ఎవరో ఏదో అన్నారని దాచుకున్న డబ్బుతో కొనుక్కున్నదాన్ని వెనక్కి ఇచ్చి, మళ్లీ మూడు నెలలకు అదే కొనుక్కోవడం అర్థం లేని పని.

ధర దిగొస్తుందేమో అని ఆగాలనుకునేవాళ్లకు ఒక సమాచారం. స్విట్జర్లాండ్‌ ఉన్న ఎఫ్టా దేశాలతో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్‌ 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్‌ వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతుంది. షాపులో ధర అంతే తగ్గుతుందని హామీ ఏమీ లేదు గానీ, ‘ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదు’ అని కంగారుపడాల్సిన పని కూడా లేదు.

కష్టమైన సందర్భం ఒకటుంది. వాచీ మీరు కొన్నది కాదు, నాన్న కొనిచ్చింది. మన ఊళ్లలో వాచీకి చాలా చరిత్ర ఉంది. అల్లుడికి వాచీ, సైకిలు పెట్టడం గొప్పగా చెప్పుకొన్న రోజులున్నాయి. బెంగళూరులో హెచ్‌ఎంటీ 1961లో జపాన్‌ సిటిజెన్‌ కంపెనీ సాయంతో వాచీల తయారీ మొదలుపెట్టాక, ఉద్యోగం వచ్చినవాడి చేతికి హెచ్‌ఎంటీ ఉండడం ఒక గుర్తు. ఆ రోజులు చూసిన తండ్రి, కొడుక్కో కూతురికో ఉద్యోగం రాగానే తన స్థోమతకు మించిన వాచీ తెస్తే అది డబ్బు లెక్క కాదు. దాన్ని ‘రిటర్న్‌ పెట్టేద్దాం నాన్నా’ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆయన మనసు నొచ్చుకుంటుంది.

అలాగని ఆయన చిట్టీ పాడి తెచ్చాడని తెలిశాక ఊరుకోవడం కూడా సరికాదు. ముందు అమ్మను అడిగి డబ్బు ఎక్కడిదో కనుక్కోండి. చేతిలో ఉన్న డబ్బే అయితే పెట్టుకుని తిరగండి, అదే ఆయనకు సంతోషం. అప్పయితే మాత్రం ఆయన పక్కన కూర్చుని, ‘నాన్నా, వాచీ చాలా బాగుంది. మా ఆఫీసులో ఇంత ఖరీదైంది పెట్టుకు తిరగాలంటే నాకే భయంగా ఉంది. ఇద్దరం షాపుకెళ్లి, ఇందులో సగం ధరలో మీరే ఇంకోటి ఏరి ఇవ్వండి’ అని చూడండి. ఆయన ఇచ్చిన వాచీ ఆయన చేత్తోనే మారుతుంది, అప్పూ సగానికి తగ్గుతుంది. డబ్బు వెనక్కివ్వని షాపుల్లో కూడా మార్పిడికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. మిగిలిన తేడాకు క్రెడిట్‌ నోట్‌ ఇస్తామంటే ఒప్పుకునే ముందు, వెనక్కి కార్డులోకే వేయమని అడగండి.

తిరిగివ్వడం ఎలా?

ముందు ఒక అపోహ. వస్తువు నచ్చలేదని తిరిగిచ్చే హక్కు మన చట్టంలో ఉందని చాలామంది అనుకుంటారు. యూరోపియన్‌ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నవాటిని చాలావరకు 14 రోజుల్లో కారణం చెప్పకుండానే తిరిగివ్వొచ్చు. మన దగ్గర అలా లేదు. మనసు మారితే తిరిగి తీసుకోవాలా వద్దా అనేది పూర్తిగా అమ్మినవాళ్ల నిబంధన. అందుకే బిల్లు వెనక చిన్న అక్షరాలు, వెబ్‌సైట్‌లో ఆ వస్తువు కింద ఉన్న రిటర్న్‌ పాలసీ ఈ రోజే చదవండి. ‘రీప్లేస్‌మెంట్‌ మాత్రమే’ అని ఉంటే డబ్బు రాదు, ఇంకో వాచీ వస్తుంది.

లోపం ఉంటే కథ వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు తిరిగి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బోర్డు పెట్టినంత మాత్రాన ఆ బాధ్యత పోదు. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్‌. వస్తువు ధర ఐదు లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు.

మనసు మారిందని చెప్పడానికి మొహమాటపడి కొందరు ‘టైము తప్పుతోందండీ’ అని చెబుతుంటారు. ఆ పని చేయకండి. అబద్ధం సంగతి అటుంచితే, లోపం అనగానే వాచీ పరీక్షకు సర్వీస్‌ సెంటర్‌కు వెళ్తుంది. రోజుకు ఎనిమిది సెకన్లు తేడా ఉంటే ‘ఈ మోడల్‌కు ఇది మామూలే’ అని రాసిచ్చేస్తారు. ఈలోపు మీ గడువు అయిపోతుంది. సూటిగా ‘బడ్జెట్‌ సరిపోలేదు, వాడలేదు, తీసుకోండి’ అంటే చాలామంది సేల్స్‌వాళ్లు అర్థం చేసుకుంటారు. వాళ్లలోనూ మొదటి ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఉంటారు.

నిర్ణయం తేలే దాకా పొరలు పీకొద్దు, ట్యాగులు కత్తిరించొద్దు. స్టీలు గొలుసు వదులుగా ఉందని లింకులు తీయించొద్దు. ఇప్పటికే తీయించి ఉంటే ఆ ముక్కలు, పిన్నులు పారేయకుండా పెట్టెలో వేయండి. మొదటి గీత పడేది గొలుసు కొక్కెం మీద, అదీ ల్యాప్‌టాప్‌ ముందు కూర్చున్నప్పుడే. కాబట్టి ‘ఒక్క రోజు ఆఫీసుకు పెట్టుకెళ్లి ఇచ్చేస్తా’ అనే ఆలోచన మానుకోండి. కొరియర్‌లో పంపేవాళ్లు వాచీ మీది సీరియల్‌ నంబరు, వారంటీ కార్డు మీది నంబరు రెండూ కనిపించేలా ఫొటోలు, పెట్టె మూసేటప్పుడు వీడియో తీసుకోండి. ‘మాకు వేరే వాచీ వచ్చింది’ అనే వివాదం వస్తే అవే సాక్ష్యం.

ఇక ఈఎంఐ. వాచీ వెనక్కి వెళ్లినంత మాత్రాన లోన్‌ దానంతటదే రద్దవుతుందని నమ్మకండి. రిఫండ్‌ కార్డులో జమైనా ఈఎంఐ ప్లాన్‌ అలాగే నడుస్తూ ఉండొచ్చు. బ్యాంకుకు ఫోన్‌ చేసి రద్దు చేయమని విడిగా చెప్పి, రిక్వెస్ట్‌ నంబరు రాసుకోండి. యాప్‌ ద్వారా లోన్‌ తీసుకున్నవాళ్లు ఒప్పందంలోని కూలింగ్‌ ఆఫ్‌ గడువు చూడండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం డిజిటల్‌ లోన్లకు కనీసం ఒక రోజైనా అది ఉండాలి. ఆ గడువులో అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేస్తే ముందుగా తీర్చినందుకు జరిమానా వేయరు. రద్దు పూర్తయ్యేలోపు వాయిదా తేదీ వస్తే గొడవ పడకుండా కట్టేయండి, తర్వాత సర్దుబాటు చేయించుకోవచ్చు. వాచీ ఇచ్చేశాం కదా అని ఆపేస్తే ఆలస్య రుసుము పడుతుంది, సిబిల్‌ స్కోరూ తగ్గుతుంది. రేపు బండికో ఇంటికో లోన్‌ అడిగినప్పుడు బ్యాంకువాళ్లు చూసేది ఆ స్కోరే. ఈఎంఐ రద్దయిందన్న మెసేజ్‌, ఆ తర్వాతి నెల స్టేట్‌మెంట్‌ రెండూ చూసుకున్నాకే బిల్లు కాగితం చించేయండి.